ఫోటోలో ఉన్నట్టే

బూరుల్ ముసలమ్మ ఫోనులో చూసి కొన్న సరుకంతా ఒకచోట పోగేస్తే ఊరి పక్కన పారే నరీన్ నదికి అడ్డుకట్ట వేయొచ్చు. రెండూ ఎడమకాలివే అయిన రబ్బరు బూట్లు. భుజాల నిండా కప్పుకునే శాలువా అని చెప్పి పంపిన, కోడిపిల్లకైనా చాలని గుడ్డముక్క. పొయ్యిమీద పెట్టిన మొదటిసారే అడుగు ఊడి, మరిగే టీ అంతా పిల్లి నెత్తిన కుమ్మరించిన కెటిల్. ఆ రోజు పరుగు మొదలుపెట్టిన పిల్లి ఇంకా ఆగలేదనీ, మొన్నెవరికో చైనా సరిహద్దు దగ్గర కనబడిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. అయినా ముసలమ్మకి బుద్ధి రాలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఆరు నెలలు మంచు కింద పడుండే ఊళ్ళో, వేలు కదిపితే లోకమంతా గుమ్మంలోకి వస్తానంటుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

పక్కింటి దామిరాకి మాత్రం ఒళ్ళు మండేది. దామిరా ఇరవై ఏళ్ళుగా బజారులో ఉన్ని బట్టలు అమ్ముతోంది. ఆవిడ గొంతెత్తి బేరమాడితే మూడు కొండల అవతల గొర్రెలు మేత మానేసేవి.

"అంగడి తెరిచి ఎన్నాళ్ళయిందో చూడవు. కొన్నవాళ్ళు ఏమన్నారో చదవవు. ముందే డబ్బు పంపేస్తావు. నీలాంటి అక్కలు పదిమంది ఉంటే చాలు, దొంగలు మేడలు కట్టేస్తారు," అని మొదలుపెట్టేది. "పార్సిల్ తెచ్చినవాడి ఎదురుగానే విప్పించు. విప్పుతున్నంతసేపూ వీడియో తీయి. కళ్ళతో చూసి, చేత్తో తడిమి, ఆ తర్వాత అను 'తీసుకున్నాను' అని. ఆ ఒక్క మాట ముందే నోరు జారావా, ఇక నీ ఏడుపు వినేవాడుండడు."

"ముందు నీ ఒంటె ఉన్ని మేజోళ్ళ సంగతి చెప్పవే," అనేది బూరుల్. "మొన్న ఉతికితే మ్యావ్‌మన్నాయి."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మళ్ళీ ఓ గిన్నెడు పాల టీ పోసుకునేవాళ్ళు.

ఆ చలికాలంలో ఆ నవ్వు ఆగిపోయింది.

బూరుల్ కోడలు బర్చిన్ మూడోసారి కన్నది. మొదటి ఇద్దరు మగపిల్లలూ నలభై రోజులు నిండకుండానే పోయారు. ఒకడు ముప్పై ఒకటో రోజున, ఒకడు ముప్పై ఎనిమిదో రోజున. జ్వరం లేదు, దగ్గు లేదు. తెల్లారి చూస్తే పెదాలు నీలంగా, మెడమీద ఎర్రటి సన్నగీతలతో బిగుసుకుపోయి ఉన్నారు. అవి ఎవరి గోళ్ళ గీతలో ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. పేరు మాత్రం ఎవరూ పలకరు. పసుపు జుట్టుది అంటారు, అంతే. అది తల్లుల ఊపిరితిత్తులు లాక్కుని ఏటికి పరిగెడుతుంది. పిల్లల్ని మాత్రం చంపుతుందో, తీసుకుపోతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

పిల్లలు నిలవని ఇంటికి ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డని కిటికీలోంచి బయటికి అందించి, కన్న పిల్లల్లో ఒక్కరూ పోని తల్లికి అమ్మేస్తారు. రొట్టెముక్కకో, సూదికో. నలభయ్యో రోజున మళ్ళీ ఆమె దగ్గరే కొనుక్కుంటారు. ఆ నలభై రోజులూ బిడ్డ ఈ ఇంటివాడు కాదు గనక, ఈ ఇంటిమీద కన్నేసినది దారితప్పుతుంది. అలా కొనుక్కున్నవాడికి సాతిబాల్ది అని పేరు పెడతారు. కొన్న బిడ్డ అని ఆ పేరుకి అర్థం. ఆ పేరున్న తాతలు ఆ లోయలో వందేళ్ళు బతికి, దుడ్డుకర్రలతో దెబ్బలాడుకుంటూ తిరుగుతున్నారు.

కానీ ఊరికంతటికీ అలా కొనిపెట్టే అవ్వ ఒక్కతే ఉండేది. ఆకులు రాలే రోజుల్లో ఆమే రాలిపోయింది. దామిరాకి పిల్లల్లేరు. మిగిలిన ప్రతి గడపలోనూ ఒకరో ఇద్దరో పోయినవాళ్ళే. ఊరికి ఉన్న ఒక్క దారి, కొండల మధ్య కనుమ, మంచుతో మూసుకుపోయింది. బూరుల్ కొడుకు మెదెర్ లారీతో సహా కనుమకి అవతలే ఇరుక్కుపోయాడు.

బిడ్డ పుట్టిన మూడో రోజున, ఉయ్యాల తొట్టి కోసం ఫోను తిప్పుతుంటే బూరుల్ కంట ఒక అంగడి పడింది. ఎర్రరంగు పూసిన చెక్క తొట్లు, పొట్టేలు కొమ్ముల చెక్కడాలు, చూస్తే ముసలాళ్ళకి కూడా ఎక్కి పడుకోవాలనిపించేవి. పైన రాసి ఉంది: 'తొమ్మిది మంది పిల్లల తల్లి నడిపే అంగడి. ఫోటోలో ఉన్నట్టే పంపుతాం.'

తొమ్మిది మంది! ముసలమ్మ వెంటనే ఫోను చేసింది. అవతలి గొంతు తేనెలో ముంచి తీసిన రొట్టెముక్కలా ఉంది.

"నీ చుట్టూ తిరుగుతాను తల్లీ, నీ కీడంతా నాకే రానీ, నీకు తొమ్మిదిమందా? అందరూ..."

"ఒక్కరూ పోలేదక్కా. అందరూ నా దగ్గరే ఉన్నారు."

బూరుల్ కళ్ళమ్మట నీళ్ళు గిన్నె నిండేన్ని వచ్చాయి. సంగతంతా చెప్పుకుంది. తొట్టి నీ దగ్గరే కొంటాను, మా బిడ్డని నువ్వు కొని పెట్టు, నలభయ్యో రోజున తొట్టితోపాటు వాణ్ణీ నాకు తిరిగి అమ్మేసెయ్యి అని బతిమాలింది.

"దానికేం భాగ్యం? కానీ అక్కా, చూడకుండా నేను ఏదీ కొనను. ఫోటో పంపు."

నలభై నిండని బిడ్డని పరాయి కంటికి చూపకూడదు. కానీ కొనబోయే తల్లి పరాయిదెలా అవుతుంది? బూరుల్ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. టోపీకి కుడివైపున తనే కుట్టిన గుడ్లగూబ ఈక. కుడి చెవి కింద గసగసాల గింజంత పుట్టుమచ్చ. రోజుకి వెయ్యిసార్లు ముద్దుపెట్టి ముద్దుపెట్టి ఆ మచ్చని ముసలమ్మ సగం అరగదీసింది. తన ముఖం తీసుకున్నట్టే ఫోనుని తనవైపుకి పట్టుకుని ఫోటో తీసి పంపింది.

తర్వాత, బర్చిన్ నిద్రలో ఉండగానే, కిటికీ తెరిచింది. బయట గట్టుమీద, మంచులో, ఫోను పెట్టింది. బిడ్డని రెండు చేతులతో ఫోను మీదుగా బయటికి చాపింది. చలికి వాడు గుక్కపట్టాడు.

"అమ్మావా అక్కా?"

"అమ్మాను."

"తీసుకున్నాను."

ఆ ఒక్క మాటలో మాత్రం తేనె లేదు.

తొట్టి డబ్బంతా బూరుల్ ఆ క్షణమే పంపింది. టీ చల్లారకముందే అంగడి మాయమైంది. ఫోటోల్లేవు. పేరు లేదు. పంపిన మాట చేరదు, చేసిన ఫోను మోగదు. అవతలివాళ్ళు తలుపు మూసి గడియ పెట్టేసుకున్నట్టే.

పది రోజులు ముసలమ్మ ఆ సంగతి కడుపులో దాచుకుంది. పదకొండో రోజున దామిరా దగ్గర బద్దలైంది. దామిరా తిట్టలేదు. అందుకే భయం వేసింది బూరుల్‌కి.

"డబ్బు పోతే పోయింది," అంది దామిరా. "బిడ్డని అమ్మేశావే అక్కా. కొన్నదెవరో తెలీదు. రేపు ఎవరి దగ్గర తిరిగి కొంటావు?"

"నాకు తెలీక..."

"ఏదీ, పంపిన ఫోటో చూపించు." చూసి కనుబొమలు ముడిచింది. "ఈక ఎడమవైపుందేం? మచ్చ కూడా?"

"నేనూ అదే అనుకున్నాను. ఫోను చెడిపోయిందేమో."

"చెడలేదు. అద్దంలా తిప్పి చూపిస్తుంది ఆ కెమెరా. ఈ ఫోటోలో నీ వంకర ముక్కు చూడు, ఎప్పుడూ మా ఇంటివైపు వంగి ఉండేది, ఇందులో ఏటివైపు తిరిగింది."

అంత దిగుల్లోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. అదే ఆఖరు నవ్వు.

"బర్చిన్‌కి చెప్పకు," అంది దామిరా. "పాలు ఇంకిపోతాయి. నలభై నిండేదాకా నేను ఇక్కడే పడుకుంటాను. వాళ్ళు ఏం తెచ్చినా, ఎవరు తెచ్చినా, విప్పి చూడకుండా ఆ మాట అనకు. నా మీద ఒట్టెయ్యి."

బూరుల్ ఒట్టేసింది.

ముప్పై ఒకటో రోజు దాటింది. ముప్పై ఎనిమిదో రోజు దాటింది. బర్చిన్ అప్పుడు మొదటిసారి పాట పాడుకుంటూ పిడకలు విరిచింది. ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్న బూరుల్ పాలు పితకడానికి బయటికి వెళితే, గుమ్మం ముందు ఇంటి కుక్క పడి ఉంది. ఎలుగుబంటిని కరిచి తరిమేంత కుక్క, దూడంత ఉండేది. దాని పక్కటెముకలు పుస్తకం తెరిచినట్టు రెండువైపులకీ విరిచేసి ఉన్నాయి. గుండె అలాగే ఉంది. పేగులు అలాగే ఉన్నాయి. ఊపిరితిత్తులు మాత్రం లేవు. నెత్తురు ఇంకా పొగలు కక్కుతోంది. మంచుమీద ఒక్క అడుగుజాడ లేదు.

కుక్క పళ్ళ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. బూరుల్ లాగింది. వెంట్రుక. పసుపు రంగుది. లాగుతుంటే వస్తూనే ఉంది... మూర, రెండు మూరలు, మూడు...

దామిరా ఆ వెంట్రుకని పొయ్యిలో వేసింది. కాలిన గొర్రెతల వాసన, కుళ్ళిన గుడ్డు వాసన, రెండూ కలిసి సాయంత్రం దాకా ఇంట్లోంచి పోలేదు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం మంచుతుఫాను దిగింది. అలాంటి తుఫాను ఆ లోయ పుట్టాక చూడలేదు. కిటికీ బయట చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. పగలే దీపం పెట్టారు.

నలభయ్యో రోజున బిడ్డకి నలభై గరిటెల నీళ్ళు పోస్తారు. అవి పోస్తే గండం గడిచినట్టు. బర్చిన్ వెడల్పు గిన్నె పెట్టి, తలకింద చెయ్యి ఆనించి బిడ్డని అందులో పడుకోబెట్టింది. బూరుల్ చెక్క గరిటెతో నీళ్ళు పోస్తూ లెక్కపెడుతోంది. దామిరా తలుపుకి అడ్డగడియ వేసి, పొయ్యిలో ఇనుపచువ్వ దూర్చి, దాని పక్కనే కూర్చుంది.

"పదిహేడు. పద్దెనిమిది. చూడవే, నవ్వుతున్నాడు దొంగవెధవ! తాతలాగే, ఆడవాళ్ళు ఒళ్ళు రుద్దితే చాలు."

"అత్తయ్యా!" అని బర్చిన్ సిగ్గుపడింది.

ఫోను గర్రుమంది. దామిరా తీసి చూసింది. ఆ ముఖంలో రంగు దిగిపోయింది.

"ఏమిటే?"

"'మీ సరుకు కనుమ దాటింది.'"

కనుమలో నాలుగు నిలువుల మంచు ఉంది.

"నీళ్ళు పొయ్యి అక్కా," అని గొణిగింది దామిరా. "త్వరగా పొయ్యి."

ఇరవై రెండు. ఇరవై మూడు. గరిటె గిన్నె అంచుకి కొట్టుకుని నీళ్ళు పక్కకి పోయాయి. అది లెక్కలోకి రాదు. మళ్ళీ ముంచింది. ముప్పై. ఫోను గర్రుమంది. 'మీ సరుకు వంతెన దాటింది.' ముప్పై మూడు. ముప్పై నాలుగు.

"ఏ సరుకు? ఏం కొన్నారు?" అంది బర్చిన్. బూరుల్ గరిటె ఆపలేదు. బిడ్డ కుడిచెవి కింద మచ్చమీదుగా నీళ్ళు జారాయి. ముప్పై ఏడు. 'మీ సరుకు మీ వీధిలో ఉంది.' ముప్పై ఎనిమిది.

ముప్పై తొమ్మిది.

తలుపు తట్టారు.

నెమ్మదిగా. మూడుసార్లు. మర్యాదగా.

"లోపలికి తీసుకుపో," అంది బూరుల్. బర్చిన్ తడిబిడ్డని దుప్పట్లో చుట్టి, ఈక టోపీ పెట్టి, లోపలి గదిలోకి పరిగెత్తింది. నలభయ్యోసారి పోయాల్సిన నీళ్ళు గరిటెలోనే ఉండిపోయాయి.

"పార్సిల్..." అంది బయటి నుంచి బొంగురు గొంతు.

తీయకుండా ఉందామనుకున్నారు. కానీ అడ్డగడియ తనంతట తానే పైకి లేచి, పక్కకి ఒరిగి, కింద పడింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పొడుగాటి కోటు. మంచుటోపీ. ముఖానికి కళ్ళదాకా చుట్టిన మఫ్లరు. ఆ కళ్ళు రెప్ప వేయడం లేదు. దాని ముందు, మనిషి నడుమెత్తున పెద్ద పెట్టె. నల్లటి ప్లాస్టిక్ చుట్టి, దానిమీద టేపు, టేపుమీద టేపు...

"బూరుల్ అంటే ఎవరు? తీసుకున్నాను అనండి. చాలు."

దామిరా ఎర్రగా కాలిన చువ్వ పట్టుకుని ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళ బజారు గొంతు బయటికి తీసింది. "విప్పకుండా అనం! ముందు నువ్వు విప్పు. మా ఎదురుగా విప్పు."

"విప్పితే వాపసు లేదు."

"విప్పకపోతే మాట లేదు. నీలాంటివాళ్ళని నా బజారులో రోజుకి వందమందిని చూశాను. నీ ముఖం చూపించు ముందు!"

మఫ్లరు కింద ఏదో నవ్వింది. ఆ నవ్వు మగవాడిది కాదు. తేనె కారుతున్న నవ్వు.

అదే క్షణంలో లోపలి గదిలోంచి గుర్రుమని శబ్దం. గొంతులో చెయ్యి పెట్టినట్టు... ఊపిరి ఆడనట్టు...

బూరుల్ వెనక్కి తిరిగింది. గుమ్మంలో కోటు ఒట్టి బట్టలా కుప్పకూలింది. కోటు లోపల ఎవరూ లేరు.

"బర్చిన్!"

లోపలి గదిలో బర్చిన్ నేలమీద వెల్లకిలా పడి ఉంది. గుండెలమీద అది కూర్చుని ఉంది. పసుపు జుట్టు గదంతా పరుచుకుంది, గోడల మీదికి పాకింది, దీపం చుట్టూ చుట్టుకుంది. వేలాడే రొమ్ములు భుజాల మీదుగా వెనక్కి వేసుకుంది. రాగి రంగు గోళ్ళు. ముంజేతి దాకా చెయ్యి బర్చిన్ నోట్లో ఉంది. పెదవుల చివరలు చిరిగి నెత్తురు చెవుల్లోకి కారుతోంది. పక్కమీద దుప్పటి ఉంది. దుప్పటి చదునుగా ఉంది.

బిడ్డ లేడు.

బూరుల్ ఇక మనిషి కాదు. గోడకి వేలాడుతున్న గొర్రెబొచ్చు కత్తెర ఎప్పుడు తీసిందో తెలీదు. ఆ జుట్టుని గుప్పిటపట్టి, ముంజేతికి చుట్టుకుని, మంద మొత్తాన్ని ఒక్క చేత్తో లాగేసేంత బలంతో లాగింది. అది అరిచింది. కిటికీ అద్దాలు పగిలాయి. చెయ్యి బర్చిన్ నోట్లోంచి బయటపడింది. ఖాళీగానే బయటపడింది. బర్చిన్ దగ్గింది. నెత్తురు కక్కుతూ దగ్గింది.

దామిరా చువ్వని దాని వీపులో దింపింది. చర్మం చిటపటలాడింది. మళ్ళీ దింపింది. మళ్ళీ. గదంతా కాలిన గొర్రెతల కంపు. అది తిరక్కుండానే చెయ్యి వెనక్కి విసిరింది. దామిరా ఎగిరి, ముందుగదిలో పెట్టె పక్కన పడింది. లేవబోయింది. లేవలేకపోయింది. గొంతు కింద ఎర్రగా తెరుచుకుని ఉంది. అందులోంచి ఊపిరి బుడగలు వస్తున్నాయి.

బూరుల్ జుట్టు వదల్లేదు. కత్తెర దాని మెడకి ఆనించింది. ఊళ్ళో ముసలాళ్ళందరికీ తెలుసు, దాని జుట్టు దొరకబుచ్చుకుంటే అది మాటిచ్చి తీరాలి, ఇచ్చిన మాట తప్పలేదు.

"నా మనవడేడి?"

"నీ మనవడా?" అంది తేనెగొంతు. "నువ్వు అమ్మావు. నేను కొన్నాను."

"తిరిగి ఇస్తానన్నావు! నలభయ్యో రోజున!"

"తెచ్చానుగా అక్కా. ఒకళ్ళ డబ్బు ఊరికే ఉంచుకునేదాన్ని కాదు. పెట్టెలో ఉన్నాడు."

ముందుగదిలో, ప్లాస్టిక్ చుట్టిన పెట్టెలోంచి ఏడుపు. సన్నగా. గుడ్డ నోట్లో కుక్కినట్టు. బూరుల్ జుట్టుతో సహా దాన్ని ఈడ్చుకుంటూ పరిగెత్తింది. కత్తెరతో టేపుని పొడిచింది. కత్తెర జారింది. మళ్ళీ పొడిచింది. రాయిని పొడిచినట్టుంది.

"ముందు మాట అను," అంది అది. "తీసుకున్నాను అను. అప్పుడే తెగుతుంది."

లోపల ఏడుపు ఎక్కిళ్ళుగా మారింది.

"ఊపిరాడదు అక్కా వాడికి. ఎంతసేపు ఉంటాడు?"

నేలమీద దామిరా కళ్ళు తెరిచి చూస్తోంది. పెదాలు కదుపుతోంది. మాట రావడం లేదు, నెత్తురు వస్తోంది. చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. ఇటూ అటూ. ఇటూ అటూ.

నీళ్ళు అడుగుతోందనుకుంది బూరుల్.

"ఒట్టెయ్యి! ఇక ఈ గడప తొక్కనని, ఈ ఇంటి తల్లినీ బిడ్డనీ తాకనని!"

"ఒట్టు. నా జుట్టు మీద ఒట్టు. ఈ ఇంట్లో నాకు ఇక పనిలేదు."

లోపల ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

"తీసుకున్నాను!" అని అరిచింది బూరుల్. "తీసుకున్నాను, తీసుకున్నాను!"

ఎత్తిన దామిరా చెయ్యి నేలమీద పడింది.

ముంజేతికి చుట్టిన జుట్టు బరువు పోయింది. చూస్తే ఒట్టి ఎండుగడ్డి. తలుపులోంచి గాలి ఒక్కటే వస్తోంది. కత్తెర ఆనించగానే టేపు వెన్నలా తెగింది. ప్లాస్టిక్ పొరలు విప్పింది. లోపల ఎర్రరంగు తొట్టి, పొట్టేలు కొమ్ముల చెక్కడాలు. తొట్టిలో మనవడు. గులాబీ బుగ్గలు. దిట్టంగా ఊపిరి. ముసలమ్మని చూసి కాళ్ళు తన్నాడు.

బూరుల్ వాణ్ణి గుండెకి హత్తుకుని, ఆ ఊరు మూడుసార్లు మునిగిపోయేంత ఏడ్చింది.

సాయంత్రానికి తుఫాను తగ్గింది. ముందుగదిలో దామిరా మీద ఉన్ని కంబళి కప్పారు. దామిరా గొంతు వినబడకపోవడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. బర్చిన్ మూతి చివరలు గుర్రపు వెంట్రుకతో కుట్టింది బూరుల్. మాట్లాడలేకపోయినా, గోడకి ఆనుకుని బిడ్డకి పాలిస్తోంది. వాడు తాగుతున్నాడు. ఎన్నడూ లేనంత గట్టిగా తాగుతున్నాడు. బర్చిన్ నొప్పికి పళ్ళు బిగబట్టింది, అయినా కళ్ళతో నవ్వింది.

"నీ చుట్టూ తిరుగుతాను నాన్నా," అంటూ బూరుల్ దగ్గర కూర్చుంది. టోపీ పక్కకి జరిగినట్టుంది, ఈక ఎడమవైపుకి వచ్చింది. సరిచేద్దామని టోపీ మీద చెయ్యి వేసింది. టోపీ జరగలేదు. ముడి గడ్డం కింద సరిగ్గానే ఉంది. విప్పి, టోపీ తీసి చూసింది. ఈక ఎడమవైపునే కుట్టి ఉంది. కుట్టు తనదే. తన చేతి వంకరకుట్టే.

ముసలమ్మ వాడి తలని నెమ్మదిగా తిప్పింది. కుడి చెవి కింద చర్మం తెల్లగా, నున్నగా ఉంది.

ఎడమ చెవి కింద గసగసాల గింజంత మచ్చ.

బర్చిన్ కళ్ళతో అడిగింది, ఏమైందని. బూరుల్ తల అడ్డంగా ఊపింది. టోపీ మళ్ళీ పెట్టేసింది. గడ్డం కింద ముడి మళ్ళీ వేసింది.

పొయ్యి దగ్గర ఫోను పడి ఉంది. తీసి చూసింది. అంగడి తిరిగి వచ్చింది. అవే ఎర్ర తొట్లు. అవే కొమ్ముల చెక్కడాలు. పైన అదే రాత, ఒక్క మాట తప్ప.

'పది మంది పిల్లల తల్లి నడిపే అంగడి. ఫోటోలో ఉన్నట్టే పంపుతాం.'

బూరుల్ ఆ నంబరుకి ఫోను చేసింది. ఈసారి మోగింది. ఎత్తారు. చాలా దూరంగా, నీళ్ళ హోరు వెనక, ఓ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ముసలమ్మకి నలభై రోజులుగా తెలుసు.

గదిలో, బర్చిన్ ఒళ్ళో, పాలు తాగడం ఆగింది. వాడు ఫోనువైపు తల తిప్పి వింటున్నాడు.